మూడో ఖాతాకి టిక్ పెడితే పదిహేనో ఖాతాకి ఎందుకు పడింది? రీసైక్లర్‌వ్యూ లోపల జరిగేది ఇదీ

ఇవాళ్టి టాపిక్ వినగానే "ఇది బేసిక్ కదా బ్రో" అని స్కిప్ కొట్టేవాళ్లు ఉంటారు. ఆండ్రాయిడ్ యాప్‌లో పైకీ కిందకీ స్క్రోల్ అయ్యే లిస్ట్, అందులో ఒక్కో వరసని మనకి నచ్చినట్టు డిజైన్ చేసుకోవడం. అంతే. కానీ మీ ఫోన్ ఒకసారి చూసుకోండి. కాంటాక్ట్స్, చాట్స్, ఫుడ్ యాప్‌లో హోటళ్లు, యూపీఐ యాప్‌లో పాత పేమెంట్లు, అన్నీ లిస్టులే. యాప్ అంటే సగం లిస్టే. ఆ సగం ఎలా పనిచేస్తుందో తెలియకుండా ట్యుటోరియల్ చూసి కాపీ కొడితే ఏమవుతుందో ఇవాళ ఒక నిజమైన కేస్‌తో చూద్దాం.

మన వ్యూయర్ ఒకతను, బీటెక్ మూడో సంవత్సరం, వాళ్ల నాన్నగారి కిరాణా కొట్టు కోసం యాప్ చేశాడు. ఉద్దెర ఖాతా యాప్. కొన్ని ఊళ్లలో అరువు ఖాతా అంటారు, మీకు అర్థమైంది కదా. ఒక్కో వరసలో పేరు, బాకీ ఎంత, పక్కన ఒక చెక్‌బాక్స్. డబ్బు ఇచ్చేస్తే టిక్. ఆరేడు పేర్లు పెట్టి టెస్ట్ చేశాడు, సూపర్‌గా పనిచేసింది. నోట్‌బుక్‌లో ఉన్న రెండు మూడొందల పేర్లు ఎక్కించాక అసలు సినిమా మొదలైంది. మూడో ఖాతాకి టిక్ పెట్టి కిందకి జరిపితే పదిహేనో ఖాతాకి కూడా టిక్ కనిపిస్తోంది. ఇంకా కిందకి వెళ్తే ఇంకెవరికో. పైకి వస్తే ఒక్కోసారి మూడో ఖాతాకే టిక్ లేదు.

ఇది కాలేజ్ ప్రాజెక్ట్ అయితే నవ్వుకుని వదిలేయొచ్చు. కొట్లో అలా కుదరదు. ఇచ్చినవాళ్లని మళ్లీ అడిగితే ఆ మనిషి ఇంకో కొట్టు చూసుకుంటాడు, పైగా ఊరంతా చెప్తాడు. ఇవ్వనివాళ్లకి టిక్ పడితే డబ్బు పోయినట్టే. వాళ్ల నాన్నగారు రెండు రోజులు చూసి మళ్లీ నోట్‌బుక్ తీశారట. నాకైతే ఆయన చేసింది కరెక్ట్ అనే అనిపించింది.

సరే, ఎందుకు అలా అవుతోంది? దీనికి మీ వీధి చివర టిఫిన్ సెంటర్‌కి వెళ్దాం.

పొద్దున్నే మూడొందల మంది వస్తారు. ఓనర్ మూడొందల ప్లేట్లు కొంటాడా? కొనడు. ఒకేసారి నిలబడి తినేది తొమ్మిది పది మంది. ఒక డజను ప్లేట్లు, ఇంకో ఒకటి రెండు ఎక్కువ ఉంటే చాలు. ఒకరు తినేసి పెట్టిన ప్లేటు కడిగి తర్వాతి మనిషికి ఇస్తారు. రీసైక్లర్‌వ్యూ చేసేది కరెక్ట్‌గా ఇదే. మీ డేటాలో మూడొందల పేర్లున్నా, స్క్రీన్ మీద తొమ్మిది వరసలు పడితే, అది తయారు చేసే వరసలు డజను చిల్లర మాత్రమే. పైకి జరిగి మాయమైన వరసని పట్టుకొచ్చి, కింద నుంచి వచ్చే కొత్త పేరుకి వాడేస్తుంది.

మరి ప్లేటు కడగకుండా ఇస్తే? మీ ఇడ్లీ పక్కన ఇందాకటి మనిషి అల్లం చట్నీ ఉంటుంది. పదిహేనో ఖాతా దగ్గర కనిపించిన టిక్ ఆ అల్లం చట్నీయే. అది పదిహేనో ఖాతాది కాదు. మూడో ఖాతా వాడేసి వదిలిన ప్లేటు మీద మిగిలిపోయింది.

ఎందుకింత తిప్పలు, మూడొందల వరసలూ ఒకేసారి తయారు చేసేస్తే పోలా అంటారా? ఒక వరస తయారు కావాలంటే లేఅవుట్ ఎక్స్‌ఎమ్‌ఎల్ చదవాలి, అందులోని ప్రతి టెక్స్ట్‌వ్యూకి, ఇమేజ్‌వ్యూకి ఒక ఆబ్జెక్ట్ పుట్టించాలి, కొలతలు తీయాలి. ఫోన్ స్క్రీన్ సెకనుకి 60 సార్లు మారితే ఒక్కో ఫ్రేమ్‌కి మనకి దొరికే టైమ్ దాదాపు 16 మిల్లీసెకన్లు. 120 హెర్ట్జ్ ఫోన్ అయితే 8 చిల్లర. వేలు పెట్టి స్క్రోల్ చేస్తుంటే ఆ టైమ్‌లోపు వరస రెడీ అవ్వకపోతే మీకు తెలిసే ఆ గతుకు వస్తుంది, మనం లాగ్ అంటాం కదా, అదే. కడిగిన ప్లేటులో ఇడ్లీ పెట్టడం తేలిక, కొత్త ప్లేటు షాపుకెళ్లి కొనుక్కురావడం కష్టం.

ఇది కొత్త ఐడియా కూడా కాదు. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్‌లో ర్యామ్ 192 ఎంబీ. జీబీ కాదు, ఎంబీ. అప్పట్నించీ లిస్ట్‌వ్యూ అని ఉండేది, అది కూడా పాత వరసని మనకి తెచ్చి ఇచ్చేది. కాకపోతే వాడుకోవడం, వాడుకోకపోవడం మన ఇష్టం. చాలామంది వాడుకోకుండా ప్రతిసారీ కొత్త వరస తయారు చేసేవాళ్లు. 2010 గూగుల్ ఐఓలో అయితే లిస్ట్‌వ్యూ మీదే ఒక గంట టాక్ పెట్టి మరీ వ్యూహోల్డర్ అనే పద్ధతి గురించి చెప్పారు. 2014లో లాలీపాప్ టైమ్‌లో రీసైక్లర్‌వ్యూ వచ్చాక ఇక ఛాయిస్ లేదు, వ్యూహోల్డర్ రాయాల్సిందే. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లకి "ఒక్క లిస్ట్‌కి ఇంత కోడా" అనిపిస్తుంది.

ఆ కోడ్‌లో అడాప్టర్ ఉంటుంది. దాన్ని సర్వర్ అనుకోండి. ఇంటర్నెట్ సర్వర్ కాదు, మన టిఫిన్ సెంటర్ సర్వర్. అతనికి మూడు పనులు తెలియాలి. మొత్తం ఎంతమంది ఉన్నారో చెప్పడం గెట్‌ఐటెమ్‌కౌంట్. కొత్త ప్లేటు తేవడం ఆన్‌క్రియేట్‌వ్యూహోల్డర్. ప్లేటులో ఫలానా మనిషి ఆర్డర్ పెట్టడం ఆన్‌బైండ్‌వ్యూహోల్డర్. క్రియేట్ డజను సార్లు నడిచి ఆగిపోతుంది. బైండ్ మాత్రం స్క్రోల్ చేస్తున్నంత సేపూ నడుస్తూనే ఉంటుంది. నమ్మకం లేకపోతే రెండింట్లో ఒక్కో లాగ్ లైన్ పెట్టి స్క్రోల్ చేసి చూడండి. నేను ఎన్ని పేజీలు చెప్పినా ఆ లాగ్‌క్యాట్ చూస్తే వచ్చే క్లారిటీ రాదు.

ఇంకో చిన్న విషయం. స్క్రీన్ నుంచి ఇప్పుడే బయటికి వెళ్లిన వరసల్ని, మామూలుగా రెండింటిని, అది కడగకుండానే పక్కన పెడుతుంది. మీరు వెంటనే వెనక్కి వస్తే అదే ప్లేటు అలాగే ఇచ్చేయొచ్చని. అందుకే కొంచెం జరిపి వెనక్కి వస్తే అంతా బాగానే కనిపిస్తుంది, దూరం జరిపితేనే దొంగ టిక్ బయటపడుతుంది. ఆరేడు పేర్లతో టెస్ట్ చేస్తే అసలు బయటపడదు, ఎందుకంటే అక్కడ ఏ ప్లేటూ రెండో మనిషికి వెళ్లలేదు. స్క్రీన్ సైజుని బట్టి కూడా మారుతుంది. ఒక ఫోన్‌లో పదిహేనోది అయితే, ఇంకో ఫోన్‌లో పద్దెనిమిదోది.

మన వ్యూయర్ కోడ్‌లో బైండ్ దగ్గర పేరు పెట్టాడు, బాకీ పెట్టాడు. టిక్ మాత్రం వేలితో నొక్కినప్పుడు పడుతుంది కదా అని వదిలేశాడు. అతని లెక్కలో టిక్ అనేది చెక్‌బాక్స్‌లో ఉంటుంది. అసలు పాయింట్ ఇక్కడే ఉంది, కొంచెం నిదానంగా వినండి. చెక్‌బాక్స్‌కి ఏదీ గుర్తుండదు, గుర్తుండకూడదు. డబ్బు ఇచ్చాడా లేదా అన్నది ఖాతాకి సంబంధించిన విషయం. అది డేటా క్లాస్‌లో, డేటాబేస్‌లో ఉండాలి. స్క్రీన్ మీద వరస దాన్ని చూపిస్తుంది, అంతే. చూపించడం అయిపోయాక ఇంకొకరిని చూపించడానికి వెళ్లిపోతుంది.

అతను ఈ ప్రాబ్లమ్ ఎక్కడో అడిగితే ఎవరో ఒక లైన్ ఫిక్స్ ఇచ్చారు. బైండ్‌లో ఈజ్‌చెక్డ్ అనే ప్రాపర్టీని ఖాతాలోని విలువతో సెట్ చేసెయ్ అని. చేశాడు. దొంగ టిక్‌లు పోయాయి. హ్యాపీ. కానీ సాయంత్రానికి పొద్దున పెట్టిన అసలు టిక్‌లు పోతున్నాయి. ఈసారి స్క్రీన్ మీద మాత్రమే కాదు, డేటాబేస్‌లోనే పోతున్నాయి. ఏమీ నొక్కలేదు, ఊరికే స్క్రోల్ చేశాడు.

ఇది చాలామందికి దొరకని బగ్, జాగ్రత్తగా ఫాలో అవ్వండి. చెక్‌బాక్స్‌కి ఒక లిజనర్ పెట్టాడు, టిక్ మారితే డేటాబేస్‌లో రాసెయ్ అని. మూడో ఖాతా వరస బైండ్ అయినప్పుడు ఆ లిజనర్ మూడో ఖాతాని పట్టుకుని కూర్చుంది. స్క్రోల్ అయ్యాక అదే వరస పదిహేనో ఖాతాకి వచ్చింది. బైండ్‌లో మొదటి లైన్ ఏంటి? ఈజ్‌చెక్డ్‌ని ఫాల్స్ చెయ్ అని, ఎందుకంటే పదిహేనో ఖాతా ఇంకా డబ్బు ఇవ్వలేదు. టిక్ మారింది. టిక్ మారితే లిజనర్ మోగుతుంది. వేలు మార్చిందా, కోడ్ మార్చిందా అని అది చూడదు. ఆ క్షణంలో ఉన్న లిజనర్ ఎవరిది? ఇంకా మూడో ఖాతాదే, కొత్త లిజనర్ పెట్టే లైన్ ఆ తర్వాత ఉంది. అది వెళ్లి మూడో ఖాతా పక్కన "ఇవ్వలేదు" అని రాసేసింది. దీనికి రివర్స్ కూడా అవుతుంది. బాకీ ఉన్న ఖాతా వరస, ఇచ్చేసిన ఖాతాకి వెళ్తే, బాకీ ఉన్నాయనకి "ఇచ్చేశాడు" అని పడిపోతుంది.

అంటే మొదటి బగ్ కంటికి అబద్ధం చెప్పింది, ఫిక్స్ చేశాక వచ్చిన బగ్ పుస్తకమే తిరగరాసింది. నన్నడిగితే మొదటిదే నయం.

దీనికి రెండు దార్లు ఉన్నాయి. ఈజ్‌చెక్డ్ సెట్ చేసే ముందు లిజనర్‌ని నల్ చేసి, విలువ పెట్టి, ఆ తర్వాత కొత్త లిజనర్ పెట్టడం ఒకటి. పనిచేస్తుంది. నాకు నచ్చేది రెండోది. టిక్ మారితే మోగే లిజనర్ బదులు క్లిక్ లిజనర్ వాడండి. అది వేలు తగిలితేనే మోగుతుంది, బైండ్‌లో విలువ మార్చినా పలకదు. దాన్ని కూడా ప్రతి బైండ్‌లో కాదు, క్రియేట్‌లో ఒక్కసారి పెట్టండి. మరి ఎవరి మీద నొక్కారో ఎలా తెలుస్తుంది? నొక్కిన ఆ క్షణంలో వ్యూహోల్డర్‌ని అడగండి, బైండింగ్‌అడాప్టర్‌పొజిషన్ అని ఉంటుంది. నువ్వు ఇప్పుడు ఎన్నో నంబర్ దగ్గర ఉన్నావు అని. ఒక్కోసారి అది మైనస్ ఒకటి ఇస్తుంది. ఆ వరస అప్పుడే డిలీట్ అవుతోంది అనుకోండి, దానికి స్థానం లేదన్నమాట. అప్పుడు ఏమీ చేయకుండా రిటర్న్ అయిపోండి. ఈ చెక్ పెట్టకపోతే, గబగబా రెండుసార్లు డిలీట్ నొక్కేవాళ్ల చేతిలో యాప్ క్రాష్ అవుతుంది. అలాంటివాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు.

ఇదే చట్నీ కథ ఫోటోల్లోనూ ఉంటుంది. ఖాతాకి ఫోటో ఉంటే చూపించు అని ఇఫ్ రాస్తారు, ఎల్స్ రాయరు. ఫోటో లేని మనిషి పేరు పక్కన ఇంకొకరి మొహం వస్తుంది. గ్లైడ్, కాయిల్ లాంటి లైబ్రరీలు వాడితే పాత డౌన్‌లోడ్‌ని క్యాన్సిల్ చేయడం అవే చూసుకుంటాయి, కానీ మీరు వాటిని పిలవనే పిలవకపోతే అవి మాత్రం ఏం చేస్తాయి? కాబట్టి బైండ్‌లో ఇఫ్ రాస్తే ఎల్స్ రాయాల్సిందే. బాకీ వెయ్యి దాటితే ఎరుపు రంగు అన్నారా, దాటకపోతే నలుపు అని కూడా చెప్పండి. ఒకచోట దాచారా, ఇంకోచోట చూపించండి. ముందు ఎవరు తిన్నారో తెలియని ప్లేటు మీ చేతికొచ్చింది, ప్రతి మూలా మీరే తుడవాలి.

ఇప్పుడు వరస డిజైన్ సంగతి. కామెంట్స్‌లో ఎక్కువగా వచ్చే కంప్లైంట్ "బ్రో, ఒక్క ఐటెమే కనిపిస్తోంది, మిగతావి లేవు". ఉన్నాయి, కిందకి జరిపి చూడండి. మీ వరస ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో పైన ఉన్న లేఅవుట్ ఎత్తు మ్యాచ్ పేరెంట్ అని ఉంది, అందుకే ఒక్క పేరు స్క్రీన్ మొత్తం ఆక్రమించింది. వ్రాప్ కంటెంట్ చేయండి. "అసలేమీ కనిపించట్లేదు" అంటే తొంభై శాతం లేఅవుట్ మేనేజర్ పెట్టలేదు. వరసల్ని పైనుంచి కిందకి పేర్చాలా, గ్రిడ్‌లా పేర్చాలా అన్నది రీసైక్లర్‌వ్యూకి దానంతట దానికి తెలియదు. ఇక లేఅవుట్ ఇన్‌ఫ్లేట్ చేసేటప్పుడు పేరెంట్ ఇవ్వాలి, చివర ఫాల్స్ ఇవ్వాలి. పేరెంట్ ఇవ్వకపోతే మీరు వరసకి పెట్టిన వెడల్పు, మార్జిన్ గాలికి పోతాయి. ట్రూ ఇస్తే క్రాష్.

ఇంకొకటి, ఇది సైలెంట్ కిల్లర్. పైన బ్యానర్, కింద లిస్ట్, రెండూ కలిసి స్క్రోల్ కావాలని రీసైక్లర్‌వ్యూని తీసుకెళ్లి నెస్టెడ్ స్క్రోల్‌వ్యూ లోపల వ్రాప్ కంటెంట్‌తో పెడతారు. స్క్రీన్ బాగానే కనిపిస్తుంది. కానీ లోపల లిస్ట్‌కి "నీకు ఎంత ఎత్తు కావాలంటే అంత" అని చెప్పినట్టు, అది మూడొందల వరసలూ ఒకేసారి తయారు చేసేస్తుంది. రీసైక్లింగ్ అనేది చచ్చిపోయింది. పేరు మాత్రం రీసైక్లర్‌వ్యూ. దీనికి బదులు బ్యానర్‌ని కూడా లిస్ట్‌లో ఒక వరసగా పెట్టండి. గెట్‌ఐటెమ్‌వ్యూటైప్ అని ఉంది, ఇది బ్యానర్ రకం, ఇది ఖాతా రకం అని చెప్పొచ్చు. ఇడ్లీ ప్లేట్లు వేరు, కాఫీ గ్లాసులు వేరు, ఒకదానికి బదులు ఒకటి ఇవ్వరు కదా. లేదా కన్‌క్యాట్‌అడాప్టర్‌తో రెండు అడాప్టర్లని ఒకదాని కింద ఒకటి తగిలించండి.

మన తెలుగు యాప్‌లు చేసేవాళ్లకి స్పెషల్‌గా ఒక మాట. ఇంగ్లీష్ ట్యుటోరియల్ చూసి వరస ఎత్తు 48 డీపీ అని ఫిక్స్ చేసేస్తారు. ఇంగ్లీష్ పేర్లకి సరిపోతుంది. తెలుగులో "కృష్ణ", "రాజ్యలక్ష్మి", "స్త్రీ" అని రాసి చూడండి, కింద ఒత్తులకి, పైన గుడులకి చోటు కావాలి. దాని మీద ఇంట్లో పెద్దవాళ్లు ఫోన్‌లో అక్షరాల సైజు ఫుల్‌గా పెట్టుకుంటారు. ఆండ్రాయిడ్ 14 నుంచి 200 శాతం వరకు పెంచుకోవచ్చు. అప్పుడు ఒత్తులు సగానికి తెగిపోతాయి, ఒత్తు తెగితే పేరే మారిపోతుంది. కాబట్టి 48 డీపీని మినిమమ్ ఎత్తుగా పెట్టండి, అసలు ఎత్తు వ్రాప్ కంటెంట్‌గా వదిలేయండి. అక్షరాల సైజు ఎస్‌పీలో ఇవ్వండి. బాకీ అంకెని కుడివైపు పెట్టి, పేరు ఎంత పొడుగున్నా అంకెని నెట్టకుండా చూసుకోండి. కొట్లో వాళ్లు ముందు చూసేది ఆ అంకెనే.

డేటా మారినప్పుడు లిస్ట్‌కి ఎలా చెప్పాలి? పాత పద్ధతి నోటిఫైడేటాసెట్‌చేంజ్డ్. ఒక్క ఖాతా మారినా అందరి ప్లేట్లూ లాక్కుని మళ్లీ వడ్డించడం అది. లిస్ట్‌అడాప్టర్ వాడితే పాత లిస్ట్, కొత్త లిస్ట్ పోల్చి మారిన వరసనే మారుస్తుంది. మీరు చెప్పాల్సినవి రెండే. ఈ రెండూ ఒకే ఖాతానా, దానికి ఐడీ పోల్చండి. పేరు పోల్చకండి, ఒక ఊళ్లో ఒకే పేరు నలుగురికి ఉంటుంది. రెండోది, లోపల వివరాలు ఏమైనా మారాయా. ఇక్కడ అందరూ ఇరుక్కునే చోటు ఒకటుంది. ఉన్న లిస్ట్‌లోనే విలువ మార్చి, మళ్లీ అదే లిస్ట్‌ని సబ్మిట్ చేస్తారు. అదే ఆబ్జెక్ట్ కాబట్టి అది "మారిందేమీ లేదు" అని ఊరుకుంటుంది. కొత్త లిస్ట్ ఇవ్వాలి, మారిన ఖాతాని కూడా కాపీతో కొత్తగా చేసి ఇవ్వాలి.

"అన్నా, ఇప్పుడంతా కంపోజ్ కదా, ఈ పాత గోల ఎందుకు" అనేవాళ్ల కోసం. నిజమే, 2021లో జెట్‌ప్యాక్ కంపోజ్ 1.0 వచ్చాక లేజీకాలమ్‌తో పది లైన్లలో లిస్ట్ అయిపోతుంది. అడాప్టర్ లేదు, హోల్డర్ లేదు. కొత్త యాప్ అయితే నేను కూడా అదే వాడమంటాను. కానీ టిక్‌ని వరస లోపల రిమెంబర్‌లో పెట్టారా, కీ ఇవ్వలేదా, ఇదే కథ ఇంకో వేషంలో వస్తుంది. కీ ఇవ్వకపోతే ఆ గుర్తు మనిషికి కాదు, స్థానానికి అతుక్కుంటుంది. లిస్ట్ పైన కొత్త ఖాతా చేరిందనుకోండి, అందరూ ఒక మెట్టు కిందకి జరుగుతారు, టిక్ మాత్రం మూడో మెట్టు మీదే ఉంటుంది. మూడో ఖాతా టిక్ ఇప్పుడు రెండో ఖాతాయనకి వచ్చింది. కీగా ఖాతా ఐడీ ఇచ్చినా సరే, దూరం స్క్రోల్ చేస్తే మామూలు రిమెంబర్‌లో పెట్టింది పోతుంది. ఐఫోన్ వైపు యూఐటేబుల్‌వ్యూ కూడా సెల్స్‌ని ఇలాగే తిప్పి తిప్పి వాడుతుంది. ఎక్కడికెళ్లినా టిక్ ఉండాల్సింది ఖాతాలోనే.

మన వ్యూయర్ యాప్‌కి నేను చెప్పిన మార్పులు ఇవే: ఇచ్చాడా లేదా అన్నది డేటాబేస్‌లో, లిజనర్ క్రియేట్‌లో, క్లిక్ లిజనర్, బైండ్‌లో ప్రతిదానికీ ఎల్స్. ఇంకొకటి కూడా అడిగాను. ఉత్త టిక్ బదులు, ఏ తారీఖున ఎంత ఇచ్చారో ఒక వరసగా రాసి పెట్టమని. నోట్‌బుక్‌లో వాళ్ల నాన్నగారు చేసేది అదే కదా, తేదీ వేసి కొట్టేస్తారు. ఇంతకుముందు పోయిన టిక్‌లని మాత్రం ఏ కోడూ వెనక్కి తేలేదు, ఇద్దరూ కూర్చుని నోట్‌బుక్ చూసి సరిచేసుకున్నారట.

మీరు ఇవాళ చేయాల్సింది ఒకటి. మీ యాప్‌లో లిస్ట్‌కి రెండొందల డమ్మీ పేర్లు ఎక్కించండి. ఒకటోది, మూడోది, ఏడోది టిక్ పెట్టండి. చివరి దాకా స్క్రోల్ చేసి, పైకి వచ్చి, ఫోన్‌ని అడ్డంగా తిప్పి, యాప్ మూసి మళ్లీ తెరిచి చూడండి. ఆ మూడే ఉండాలి, నాలుగోది ఉండకూడదు. ఏదైనా తేడా వస్తే ఏ ఫోన్, ఎన్నో వరస అన్నది కామెంట్‌లో పెట్టండి. రెండొందలు కాదు, రెండు లక్షల వరసలుంటే డేటాబేస్ నుంచి ముక్కలు ముక్కలుగా ఎలా తేవాలి అన్నది, పేజింగ్, వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటాను మరి, బై.